మానేసినదానికి ఒక చిరునామా: లెంట్ దినాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు పేరట వందనాలు. మాది తెనాలి దగ్గర ఒక పల్లె. నేను లూథరన్ కుటుంబంలో పుట్టాను, మా వారిది బాప్టిస్టు కుటుంబం. ఈస్టరుకు ముందు వచ్చే నలభై ఉపవాస దినాలను లెంట్ అని, శ్రమల దినాలని అంటాం కదా. నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన లెంట్ అంటే నీచు మానడం, పూలు పెట్టుకోకపోవడం, కొత్త చీర కట్టకపోవడం, పెళ్ళిళ్ళు ఆపుకోవడం, సాయంత్రం కూటాల్లో కన్నీళ్ళు పెట్టుకోవడం. ఈసారి తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, "మనం నలభై రోజులు దిగులుగా ఉంటే దేవుడికి ఏమొస్తుందమ్మా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. లెంట్ అన్న మాటే బైబిల్లో లేదు కదా అని మా వారు తేల్చేశారు. మా అమ్మ మాత్రం తరతరాలుగా వస్తున్నది వదలకూడదంటుంది. ఈ దినాలను ఇష్టంగా, నలుగురికీ పనికివచ్చేలా గడిపే దారి ఏదైనా ఉందా?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: సోదరీ, మీ అమ్మాయి నోరు మూయించకుండా ఆ ప్రశ్నను ఇక్కడిదాకా తీసుకువచ్చినందుకు ముందుగా మిమ్మల్ని అభినందిస్తున్నాను. బైబిల్లో యెషయా ప్రవక్త గ్రంథం 58వ అధ్యాయంలో జనం ఇంచుమించు ఇదే ప్రశ్నను అటువైపు నుంచి అడుగుతారు. మేము ఉపవాసం ఉంటే నీవెందుకు చూడవు, మమ్మల్ని మేము ఇంతగా శ్రమపెట్టుకొంటే నీవెందుకు లక్ష్యపెట్టవు అని వారి ఫిర్యాదు. దానికి వచ్చిన జవాబు కటువుగా ఉంటుంది. ఉపవాసం ఉన్న రోజే మీరు మీ వ్యాపారాలు చక్కబెట్టుకొంటున్నారు, పనివాళ్ళ చేత కఠినమైన పని చేయిస్తున్నారు, తగవులాడుకొంటున్నారు. జమ్ములాగా తల వంచుకొని, గోనెపట్ట కట్టుకొని, బూడిద పరచుకొని కూర్చోవడమేనా ఉపవాసమంటే అని దేవుడు వారిని నిలదీస్తాడు. తాను కోరుకొనే ఉపవాసం ఏమిటో ఆ వెంటనే చెబుతాడు: అన్యాయంగా బిగించిన కట్లు విప్పడం, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం, దిక్కులేనివాడిని ఇంట చేర్చుకోవడం, బట్టలేనివాడికి బట్ట ఇవ్వడం, సొంత రక్తసంబంధికి ముఖం చాటు చేయకపోవడం. ఇందులో తిండి మానడం గురించి ఒక్క మాట లేదు, తిండి పెట్టడం గురించి ఉంది. మీ అమ్మాయికి ఈ అధ్యాయం చదివి వినిపించండి. తన అనుమానం దేవుడి అనుమానమేనని తెలిస్తే ఆ పిల్లకు ధైర్యం వస్తుంది.

ఇక మీ వారి మాట. లెంట్ అన్న పదం బైబిల్లో లేదన్నది నిజమే. పూర్వం ఆంగ్లంలో ఆ మాటకు వసంత రుతువు అని అర్థం. మన దగ్గర ఆ రోజుల్లో వసంతం కన్నా ముందు ఎండలే వస్తాయనుకోండి, అది వేరే సంగతి. రెండో శతాబ్దం చివర ఇరేనియస్ అనే బిషప్పు రోము బిషప్పుకు రాసిన లేఖలో, ఈస్టరుకు ముందు కొందరు ఒక రోజు, కొందరు రెండు రోజులు, మరికొందరు నలభై గంటలు ఉపవాసం ఉంటారని, ఈ తేడా వల్ల మన మధ్య సమాధానం చెడలేదని చెప్పాడు. 325లో సంఘాల బిషప్పులు కూడిన నైసియా సభ తీర్మానాల్లో నలభై దినాల ప్రస్తావన కనిపిస్తుంది. ఆ కాలంలో ఈస్టరు రాత్రి బాప్తిస్మం తీసుకోబోయేవారు కొన్ని వారాల ముందు నుంచి ఉపవాసం ఉండి, వాక్యం నేర్చుకొని సిద్ధపడేవారు. వారిని ఒంటరిగా వదలకుండా సంఘమంతా వారితో కలిసి ఉపవాసం ఉండేది. అంటే ఇవి మొదట ఏడ్చే దినాలు కావు, కొత్తగా చేరబోయేవారికి తోడుగా నడిచే దినాలు. ఆ తోడు సంగతి మనం మరచిపోయాం, దిగులు మాత్రం మిగుల్చుకొన్నాం.

మీ వారి వాదనకు కూడా పెద్ద చరిత్రే ఉంది. 1522లో లెంట్ దినాల్లో జూరిక్ నగరంలో క్రిస్టోఫ్ ఫ్రోషవర్ అనే ముద్రాపకుడి ఇంట్లో కొందరు అప్పటి సంఘ నియమాన్ని మీరి మాంసంతో చేసిన సాసేజీలు తిన్నారు. పౌలు పత్రికలు అచ్చువేసే పనిలో మా వాళ్ళు అలసిపోయారు, గంజి తాగి ఆ పని చేయలేరు అని ఆయన సంజాయిషీ ఇచ్చుకొన్నాడు. అక్కడే ఉండి కూడా తాను ముట్టుకోని ఆ నగర మతబోధకుడు ఉల్‌రిచ్ జ్వింగ్లీ, ఆ తరువాత కొద్ది రోజులకు తిండి విషయంలో విశ్వాసికి ఉన్న స్వేచ్ఛ గురించి ప్రసంగించాడు. స్విట్జర్లాండులో మతసంస్కరణకు అది తొలి అడుగుల్లో ఒకటి. అయితే జ్వింగ్లీ చెప్పింది ఉపవాసం తప్పని కాదు. ఉండదలచుకొన్నవాడు ఉండవచ్చు, లేనివాడిని బలవంతపెట్టకూడదు అని. రోమా పత్రిక 14వ అధ్యాయంలో పౌలు చెప్పిన సంగతీ ఇదే: ఒకడు ఒక దినాన్ని ప్రత్యేకంగా ఎంచుతాడు, మరొకడు అన్ని దినాలనూ సమానంగా ఎంచుతాడు, ఎవరి మనస్సులో వారు రూఢి చేసుకోవాలి. అందువల్ల మీ ఇంట్లో ఒకే వంటింట్లో రెండు మనస్సాక్షులు ఉండడంలో ఇబ్బంది ఏమీ లేదు. మీ వారికి కోడికూర వండిపెట్టినంత మాత్రాన మీ లెంట్ చెడిపోదు.

లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం దాకా లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. వాటిలో ఆరు ఆదివారాలు తీసివేస్తే నలభై. ప్రతి ఆదివారం యేసు తిరిగి లేచిన పునరుత్థాన దినమే కాబట్టి అది ఉపవాసపు లెక్కలోకి రాదు. అలాగైతే ఆదివారం కోడికూర వండుకోవచ్చా అని మీ ఇంట్లో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. పాత లెక్క ప్రకారం తప్పు లేదు, కానీ మీ సంఘం ఆచారం వేరైతే దాన్ని గౌరవించండి. నేను మీ దృష్టికి తేదలచింది మాత్రం వేరొకటి: ఈ నలభై రోజుల మధ్యలోనే ఆరు పండుగలు అమర్చి ఉన్నాయి. శ్రమల దినాలు కదా అని ఆదివారం నాడు కూడా నవ్వుకు దూరంగా ఉండమని సంఘం ఏనాడూ అడగలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నా ఉద్దేశంలో లెంట్‌లో మీరు మానేసిన ప్రతిదానికీ ఒక చిరునామా ఉండాలి. మానేసింది ఎక్కడికి వెళ్ళింది, ఎవరికి చేరింది అన్న ప్రశ్నకు జవాబు ఉంటే అది ఉపవాసం, లేకపోతే అది పథ్యం. అయిదో శతాబ్దంలో రోములో పోపుగా ఉన్న మహా లియో తన ఉపవాస ప్రసంగాల్లో ఈ మాటే చెప్పాడు: ఉపవాసం ఉన్నవాడు మానుకొన్నది పేదవాడికి భోజనం కావాలి అని. దీన్ని మీ ఇంటి ఖర్చుల పుస్తకంలోకి తెచ్చి చూడండి. కోడికూరకు, చేపలకు కలిపి వారానికి 500 రూపాయలు పెట్టే ఇల్లు అనుకొంటే ఆరున్నర వారాలకు 3,000 రూపాయలు దాటుతుంది. బయట రోజుకు రెండు టీలు తాగేవారు, టీ 15 రూపాయల చొప్పున, నలభై రోజులకు 1,200 రూపాయలు మిగులుస్తారు. ఈ డబ్బు ఏమవుతోంది? చాలా ఇళ్ళలో ఏమవుతుందో నాకు తెలుసు. నీచు మానేశాం కదా అని పనీరు, పుట్టగొడుగులు, జీడిపప్పు కూర వచ్చి చేరతాయి, నెలాఖరుకు లెక్క చూస్తే కోడి మానిన ఇంట్లోనే ఖర్చు పెరిగి ఉంటుంది. అలాకాకుండా మొదటి రోజే ఒక డబ్బా పెట్టి, దాని మీద ఎవరికోసమో రాసి, ఏ రోజు మిగిలింది ఆ రోజే అందులో వేయండి. "పేదలకు" అని రాయకండి. ఆ మాట మరీ విశాలమైనది, ఎవరి ముఖమూ కనబడదు. మీ వీధిలో డయాలసిస్‌కు తిరుగుతున్న వ్యక్తికి దారి ఖర్చులు, మీకు తెలిసిన కూలీ ఇంటి పిల్ల కాలేజీ రుసుము, ఇలా ఒక మనిషిని దృష్టిలో పెట్టుకోండి.

మన సంఘాల్లో స్త్రీలు తరతరాలుగా చేస్తూ వచ్చిన పిడికెడు బియ్యం కానుక ఇలాంటిదే. అన్నానికి ఎసరు పెట్టే ముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తీసుకువెళ్ళేవారు. ఇచ్చేవారికి ఆ పూట ఒక్క ముద్ద తగ్గుతుంది, అంతే. కూలి చేసుకొని బతికే తల్లులు కూడా దాతలు కాగలిగిన పద్ధతి అది. మీ అమ్మగారికి ఇది బాగా తెలిసి ఉంటుంది. తరతరాలుగా వస్తున్నది వదలకూడదని ఆమె అంటున్నారు కదా, ఈ నలభై రోజులూ మీ అమ్మాయిని అమ్మమ్మ దగ్గర ఆ పిడికిలి నేర్చుకోమనండి.

ఇంకొక సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. చాలా ఇళ్ళలో ఉపవాసం ఒకరిది, శ్రమ మరొకరిది. పెద్దాయన సాయంత్రం దాకా ఏమీ తినరు, ఆయన ఉపవాసం విడిచే వేళకు ఇంటావిడ నాలుగు రకాలు వండి సిద్ధంగా ఉండాలి. కాఫీ మానేసిన మనిషి విసుగును ఇంట్లో వాళ్ళు భరించాలి. కూటానికి వేళవుతోందని పనిమనిషిని తొందరపెట్టి రెండు పూటల గిన్నెలు ఒకేసారి తోమించుకొన్న ఇళ్ళు కూడా నాకు తెలుసు. యెషయా ఆక్షేపించింది సరిగ్గా దీన్నే. మీ ఇంట్లో ఈసారి ఉపవాసం పేరుతో ఎవరి పనీ పెరగకూడదన్న నియమం ఒకటి పెట్టుకోండి. మీ వారు లెంట్ పాటించకపోయినా శుక్రవారం సాయంత్రం వంట తాను చేస్తానంటే, అది ఏ సంఘ సిద్ధాంతానికీ అడ్డు రాదని ఆయనకు నా మాటగా చెప్పండి.

అమ్మాయి విషయంలో, వద్దు, మానుకో అన్న మాటలు కట్టిపెట్టి చేతికి ఒక పని ఇవ్వండి. మార్కు సువార్తలో 16 అధ్యాయాలు, లూకా సువార్తలో 24. రెండూ కలిపితే సరిగ్గా నలభై. ఆదివారాలు వదిలి రోజుకొక అధ్యాయం చొప్పున చదివితే ఈస్టరు ముందు రోజుకు రెండు సువార్తలు పూర్తవుతాయి. మార్కు ముందు చదివించండి, అందులో నడక వేగంగా ఉంటుంది, పిల్లలకు విసుగు రాదు. లూకా చివరి అధ్యాయంలో ఎమ్మాయు దారిన పోతున్న ఇద్దరికి తోడుగా నడిచిన యేసు కథ దగ్గర ఆగి, మర్నాడు తెల్లవారుజామున సూర్యోదయ ఆరాధనకు వెళితే ఆ పిల్లకు ఈస్టరు మరోలా కనిపిస్తుంది. తను మానేసేది ఏమిటో తననే ఎంచుకోనివ్వండి. రాత్రి తొమ్మిది దాటాక ఫోను ముట్టనని తను అంటే, ఆ అరగంట ఎవరికి ఇస్తుందో కూడా తనే చెప్పాలి. ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న అమ్మమ్మకు ఆ ఫోనుతోనే మాట్లాడుతుందేమో, మీరు అడ్డుపడకండి.

భస్మ బుధవారం నాడు చాలా సంఘాల్లో చదివే సువార్త భాగం మత్తయి 6వ అధ్యాయంలోది. ఉపవాసం ఉన్నప్పుడు ముఖం కడుక్కోండి, తలకు నూనె రాసుకోండి, దిగులు ముఖం పెట్టుకోకండి అని యేసు చెబుతాడు. అది విన్న కాసేపటికే, పోయిన ఏటి మట్టల ఆదివారం (ఈస్టరుకు ముందు ఆదివారం) నాటి మట్టలు కాల్చిన బూడిదతో మన నుదుటి మీద సిలువ గుర్తు వేస్తారు! ఈ విచిత్రం నాకు ఎప్పుడూ ఇష్టమే, మనం ఏ గుర్తునూ చూసి మురిసిపోకుండా ఆ వాక్యం పక్కనే నిలబడి కాపలా కాస్తుంది. ఉపవాస కూటం ఫొటోలు, "ఈరోజు పదిహేనో దినం" అన్న స్టేటస్‌లు పెట్టేవారు ఆ అధ్యాయాన్ని మరొకసారి చదువుకోవాలి. అందులోనే ఇంకొకటి గమనించండి: యేసు ముందు ధర్మకార్యం గురించి, తరువాత ప్రార్థన గురించి మాట్లాడి, ఉపవాసాన్ని మూడోదిగా చెప్పాడు. మనం మూడోదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నాం.

పూలు, కొత్త చీర, పెళ్ళిళ్ళ విషయం సంఘ క్రమం, కుటుంబ ఆచారం. వాటి గురించి మీ అమ్మగారితో వాదించకండి, అలాగని అమ్మాయి మీద రుద్దకండి. యెషయా చెప్పినవాటిలో చివరిది, సొంత రక్తసంబంధికి ముఖం చాటు చేయకపోవడం, అన్నిటికన్నా కష్టమైనది. చేను గట్టు దగ్గరో, పెళ్ళిపిలుపు దగ్గరో మాట పట్టింపు వచ్చి ఏళ్ళ తరబడి గుమ్మం తొక్కని అన్నదమ్ములు, తోడికోడళ్ళు లేని కుటుంబం అరుదు. ఒకే బల్ల దగ్గర మోకరించి, ప్రభు భోజన సంస్కారం తీసుకొని, చెరో తలుపులోంచి బయటికి వెళ్ళిపోయేవారిని నేను చూశాను. నలభై రోజులు కోడి మానడం కన్నా ఒక సాయంత్రం ఆ ఇంటి మెట్లు ఎక్కడం కష్టం. అక్కడికి వెళ్ళి పాత తగవు తీర్పు చెప్పనక్కరలేదు. కాసిని మామిడికాయలు పట్టుకెళ్ళి, "వదినా, బాగున్నావా" అని అడిగి, ఇచ్చిన మంచినీళ్ళు తాగి రండి.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని, వయస్సు 67. పదకొండేళ్ళుగా షుగరు ఉంది, మాత్రలు, రాత్రిపూట ఇన్సులిన్ వాడుతున్నాను. ప్రతి శుక్రవారం సాయంత్రం దాకా ఉపవాసం ఉండడం నలభై ఏళ్ళ అలవాటు. పోయిన సంవత్సరం సిలువ మార్గం ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయాను. మానేస్తే దేవుడికి ఇచ్చిన మాట తప్పినట్టు కాదా?
– కథోలిక సంఘ సభ్యుడు, ఏలూరు

జవాబు: మాస్టారూ, మీ సంఘ నియమమే మీ పక్షాన ఉంది. కథోలిక సంఘంలో ఉపవాస నియమం 18 నుంచి 59 ఏళ్ళ వారికే వర్తిస్తుంది, అదీ విభూతి బుధవారం (భస్మ బుధవారం), పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) రెండు రోజులకే. ఆ రోజుల్లో కూడా ఒక పూర్తి భోజనం, రెండు చిన్న ఫలహారాలు అనుమతిస్తారు. మీకు ఆ వయస్సు దాటి ఎనిమిదేళ్ళయింది. పైగా అనారోగ్యం ఉన్నవారికి ఏ వయస్సులోనైనా మినహాయింపు ఉంటుంది. ఇన్సులిన్, కొన్ని రకాల షుగరు మాత్రలు వేసుకొని తిండి మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు పట్టడం, చేతులు వణకడం, కళ్ళు తిరగడం దాని గుర్తులు; అటువంటప్పుడు ప్రార్థన ముగిసేదాకా ఓర్చుకోకుండా వెంటనే పంచదార నీళ్ళో, పండ్లరసమో తాగాలి. ఉపవాసం కోసం మందు మానేయడం ఇంకా పొరపాటు. మీ డాక్టరును అడగకుండా తిండి వేళలు గాని, మందు మోతాదు గాని మార్చకండి.

శుక్రవారం నాడు వేళకు తినండి, కాకపోతే రుచి కోసం కాకుండా ఒంటికోసం తినండి. ఉప్పు తగ్గించిన సాదా భోజనం మీకు ఎలాగూ మంచిదే. యేసు సిలువ మోసిన దారిని తలచుకొనే సిలువ మార్గంలో 14 స్థలాల దగ్గరా మోకరించలేకపోతే కుర్చీలో కూర్చొని ధ్యానించండి. మీరు ఉపాధ్యాయులు కాబట్టి ఒక మాట: మార్చి నెలలో మీ పేటలో పదో తరగతి పరీక్షలు రాస్తున్న పిల్లలు ఉంటారు. నలభై ఏళ్ళుగా శుక్రవారం సాయంత్రాలు దేవుడికి ఇచ్చారు, ఆ సాయంత్రంలో ఒక గంట లెక్కలు రాని పిల్లవాడికి ఇస్తే మీ మాట తప్పినట్టు కాదు.

ప్రశ్న: ఉగాది చాలాసార్లు లెంట్‌లోనే వస్తోంది. పక్కింటి వారు ప్రేమగా బొబ్బట్లు, ఉగాది పచ్చడి తెచ్చి ఇస్తారు. నేను తీపి మానేసి ఉంటాను. తీసుకొని ఎవరికైనా ఇచ్చేయాలా, తినాలా?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: ఈస్టరు తేదీ వసంతకాలపు పౌర్ణమిని బట్టి, ఉగాది చైత్ర పాడ్యమిని బట్టి నిర్ణయమవుతాయి కాబట్టి రెండూ దగ్గరదగ్గరగా రావడం సహజం. 2025లో ఉగాది మార్చి 30న, ఈస్టరు ఏప్రిల్ 20న వచ్చాయి. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి ఉండగా మీ నియమాల వివరణ మొదలుపెట్టకండి. సంతోషంగా తీసుకోండి. మీరు తీపి మానడం మీకూ దేవుడికీ మధ్య ఉన్న ఏర్పాటు, దాని బరువు ఆవిడ మీద పడకూడదు. ఇంట్లో పిల్లలకు పెట్టినా సరే, ఒక ముక్క మీరు నోట్లో వేసుకొన్నా సరే. వారి నైవేద్యం విషయంలో మీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే ఆ సంగతి మర్యాదగా, వేరే రోజు, స్నేహితురాలితో మాట్లాడినట్టు మాట్లాడండి. ఈస్టరు నాడు మీరు గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకండి.

ప్రశ్న: మా సంఘంలో ప్రతి ఏడాది లెంట్‌లో నలభై సాయంత్రాలూ మైకు పెట్టి కూటాలు జరుపుతాం. వచ్చేవారు ఏటేటా తగ్గుతున్నారు. ఈసారి యువజనులం ఏదైనా కొత్తగా చేయాలనుకొంటున్నాం, పెద్దలు ఒప్పుకొనేలా సలహా ఇవ్వండి.
– సంఘ యువజన నాయకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: తమ్ముడూ, కూటాలు ఆపమని పెద్దలను అడగకండి, వారానికి రెండు రోజులు చేసుకొందామని అడగండి. మిగతా సాయంత్రాలు మైకు ఆగితే ఇంటరు, పది పరీక్షలకు చదువుకొనే పిల్లలు ఊరంతా మీకు రుణపడి ఉంటారు. ఆ నిశ్శబ్దం కూడా మీ సంఘం ఊరికి ఇచ్చే కానుకే. గుడి గది ఒకటి తెరిచి, లైటు, ఫ్యాను వేసి, ఇంట్లో చదువుకోవడానికి చోటు లేని పిల్లలను ఏ మతం వారైనా కూర్చోనివ్వండి.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మీ వైపు మిరప కోతలు. వేరే ప్రాంతాల నుంచి కూలీలు కుటుంబాలతో వచ్చి చేల దగ్గర పాకల్లో ఉంటారు. ఎండ, మిరప ఘాటు, కళ్ళ మంట, పసిపిల్లలు చెట్టు కింద. వారికి ఏం కావాలో మీరు ఊహించకుండా ముందు వెళ్ళి అడగండి. చిన్నపిల్లలకు పాలు కావచ్చు, జ్వరానికి ఆసుపత్రికి తీసుకువెళ్ళే తోడు కావచ్చు, కూలి లెక్క సరిగ్గా రాసిపెట్టే చదువుకొన్న మనిషి కావచ్చు.

రోడ్డు పక్కన గుడి ఉంటే చలివేంద్రం పెట్టండి. మన తెలుగు ఊళ్ళలో ఇంతకన్నా పాతదైన, అందరికీ అర్థమయ్యే సేవ మరొకటి లేదు. బ్యానరు మీద సంఘ కాపరి ఫొటో, దాత ఫొటో కన్నా కుండల మీద మూత, శుభ్రమైన గ్లాసు ముఖ్యం. రోజూ కుండలు కడిగి నీళ్ళు నింపే బాధ్యత ఇద్దరిద్దరికి వంతులవారీగా పంచి, ఆ జాబితా గుడి తలుపుకు అంటించండి. మొదటి వారం ఉత్సాహంగా పదిమంది ఉంటారు, నాలుగో వారానికి ఎవరు మిగులుతారన్నదే అసలు ఉపవాసం. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు మనిషి తప్పక ఉండేలా చూడండి, గుడ్ ఫ్రైడే రోజున, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన జరిగేది కూడా ఆ మూడు గంటలే కాబట్టి ఆ రోజు ఎవరు బయట కుండల దగ్గర కూర్చుంటారో ముందే నిర్ణయించుకోండి. ఇంకొక్క మాట: ఈస్టరు వెళ్ళిపోయింది కదా అని కుండలు ఎత్తేయకండి, మన దగ్గర ఎండలు మృగశిర కార్తె దాకా ఉంటాయి.